పచ్చదోమల దొంగ

ఎమెయ్, తైవాన్
పడవల పండుగ వెళ్ళిన నెలాఖరు

శియు-ఫుంగ్ వాళ్ళ నాన్నగారికి నమస్కారాలతో,

ఇక్కడ అందరం కులాసా అని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. నేను కులాసా, పిల్ల కులాసా, అత్తయ్య మోకాళ్ళు తప్ప మిగతా మనిషంతా కులాసా. మీ అన్నగారిని మాత్రం ఈ లెక్కలో కలపడం లేదు. ఆ సంగతి కింద రాస్తాను. తొందరపడి ముందే కిందికి వెళ్ళి చదవకండి, మీకా అలవాటుంది.

మీ ఉత్తరం అందింది. సౌదీ ఇసుకగాలికి కళ్ళు మండుతున్నాయని రాశారు. కాచి చల్లార్చిన టీ నీళ్ళతో కడుక్కోండి, తగ్గుతుంది. చొక్కా గుండీ ఊడితే కుట్టించుకున్నానని కూడా రాశారు. ఎవరిచేత కుట్టించుకున్నారు? రోడ్డు పనివాళ్ళ క్యాంపులో అంతా మగవాళ్ళేనని వెళ్ళేటప్పుడు చెప్పారు కదా. కుట్టుకోవడం వేరు, కుట్టించుకోవడం వేరు. ఈ ప్రశ్నకు జవాబు మరిచిపోకుండా రాయండి. పిల్లకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. పక్కపిల్లది చూసి రాసిందేమోనని గట్టిగా అడిగాను, ఏడ్చింది కాబట్టి సొంతంగానే రాసి ఉంటుంది. అత్తయ్య మోకాళ్ళకు అల్లం కాపడం పెడుతున్నాను. పెట్టినప్పుడల్లా పెద్దకోడలు ఇంకా బాగా పెడుతుందంటుంది.

ఇక మీరు అడిగిన అసలు మాట, పైతోటలో పచ్చదోమ దిగిందా అని. లోకంలో తేయాకు పండించేవాళ్ళంతా చిగుళ్ళ మీద పచ్చదోమ వాలిందంటే నెత్తిన చేతులు పెట్టుకుంటారు. మన కొండమీద వాళ్ళం అది వాలలేదని నెత్తిన చేతులు పెట్టుకుంటాం. ఆ నలుసంత పురుగు కుట్టి రసం పీల్చి, చిగురు ముడుచుకుని అంచులు ఎర్రబడితేనే మన ఆకుకు తేనె వాసన పడుతుంది. అలా దోమ కుట్టి దాని చొంగ పట్టిన ఆకుకే ఇక్కడ విలువ, చొంగ పట్టనిది ఉత్త ఆకు.

మీరు బయల్దేరే ముందు భోజనాల దగ్గర బావగారన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. "ఈ ఒక్క వేసవి చూద్దాం. అప్పటికీ పైతోట ఆకు చొంగ పట్టకపోతే తవ్వేసి కమలా మొక్కలు పెడదాం. ఇంక దానిమీద మాటల్లేవు" అన్నారు. మీరు తలూపారు. నేను వడ్డిస్తున్నాను, తలూపలేదు. పెళ్ళయిన ఏడాది మనిద్దరం బురదలో మోకాళ్ళ మీద పాకుతూ నాటిన మొక్కలవి. మీరు విమానమెక్కిన వారం తిరక్కుండానే బావగారు పైతోట అంచున కమలా మొక్కలకు గుంటలు తవ్వడం మొదలెట్టారు. ఫలితం తేలకముందే గుంటలు తవ్వే మనిషిని నేనెలా నమ్మను, మీరే చెప్పండి.

ఈ ఏడు మనకొక కొత్త మనిషి కూడా తగిలింది. తేయాకు పరిశోధన కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చి వాగవతల ఫాన్ వాళ్ళింట్లో దిగింది. పేరు లియావ్ అట, ఊరంతా పురుగుల పంతులమ్మ అంటున్నారు. నోట్లో ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని, దాని అవతలి కొస ఆకుమీద ఆనించి, పచ్చదోమల్ని చప్పున పీలుస్తుంది. అవి మధ్యలో ఉన్న గాజుబుడ్డిలో పడతాయి. అత్తయ్యకు కళ్ళు సరిగా ఆనవు కదా, ఆ బుడ్డి కనబడలేదు. "చూడ్డానికి చక్కగానే ఉంది పాపం, పురుగులు తింటోందే" అని ఒకపూట అన్నం మానేసింది.

నాకు బుడ్డి కనబడింది. అందుకే వాగు దాటి వెళ్ళి అడిగాను.

"ఏమ్మా, మా దోమల్ని ఎక్కడికి మోసుకుపోతున్నావు?"

"మీవి కావు పిన్నిగారూ, ఫాన్ గారి తోటవి."

"ఓహో. దోమల వీపుమీద యజమాని పేరు రాసుంటుందా?"

ఆ పిల్ల ముందు నవ్వింది, తర్వాత ఆలోచనలో పడింది. "అదే కావాలి పిన్నిగారూ, అదే తెలుసుకోవాలనే వచ్చాను. ఏ తోటలో పుట్టి ఏ తోటకు పోతున్నాయో ఎవరికీ తెలీదు. దేశమంతా తిరిగాను, ఎక్కడికెళ్ళినా వీటినెలా చంపాలీ అంటారు. మీ ఊళ్ళోనే, ఏమైపోయాయీ అని అడుగుతున్నారు" అంది.

మాట తియ్యగానే ఉంది. తియ్యగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఫాన్ వాళ్ళ ఆకు అప్పటికే ముడుచుకుంటోంది. మన పైతోట మాత్రం పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. అలా నిగనిగలాడుతుంటే ఏడుపొచ్చేది. ఈ పిల్ల మన పురుగుల్ని పట్టి ఫాన్ వాళ్ళ తోటలో వదులుతోందని నాలుగు రోజులు గట్టిగా నమ్మాను. పొదలచాటున కూర్చుని చూశాను కూడా. వాగు ఇవతలికి అడుగు పెట్టలేదు, పాపం అబద్ధం ఎందుకాడాలి.

పడవల పండుగకు ముందు వారం ఆకు తిరగేసి చూస్తుంటే లేత చిగురు అడుగున నారింజరంగు పొడి కనిపించింది. నలుసులు నలుసులుగా, కొన్ని ఆకులకే. పండుగొస్తే పురుగూ పుట్రా రాకుండా గడపలచుట్టూ ఏం చల్లుతాం మనం? మణిశిల పొడి. దాని రంగు ఏమిటి? నారింజ. నా తోటలోకి పురుగు రాకూడదని కోరుకునేది ఎవరు? మూడు ప్రశ్నలకూ జవాబు దొరికిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ పొడికుండే ఘాటు రాలేదు, వాన కడిగేసి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అయినా నిలకడ మీద తేల్చుకుందామని సంతకెళ్ళినప్పుడు మందులకొట్టు ఆ-లుయెన్‌ను మాటల్లో పెట్టాను.

"మీ బావగారా? ఈసారి రెండింతలు పట్టుకెళ్ళాడమ్మా మణిశిల. అంత ఎందుకయ్యా అంటే, పనుంది అన్నాడు. నాకెందుకులే అని ఊరుకున్నా" అంది. అది ఎవరి సంగతీ నాకెందుకులే అని ఊరుకునే మనిషి కాదు. ఇంటికొచ్చి చూస్తే మన పెరటిగోడ పొడుగునా, కట్టెలమోపు వెనకా అదే పొడి చారలు. నాతో ఒక్క మాట చెప్పకుండా నా ఇంటి వెనక చల్లినవాడు నా తోటలో చల్లడా?

వెంటనే మందుకొట్టే పంపులో సబ్బునీళ్ళు కలుపుకుని, ఆ పొడి కనబడిన వరసలన్నీ ఆకాకూ కడిగాను. నడుం పడిపోయింది. బావగారు కిందిగట్టు మీంచి చూసి, "ఏంటమ్మాయ్, చెట్లకు తలంట్లు పోస్తున్నావా? వాటికి పెళ్ళిచూపులా?" అని నవ్వారు. నవ్వు చూశావా అనుకున్నాను.

పండుగనాడు పోయిన పెద్దల పేర్ల పలకలుండే గదిలో నైవేద్యం అయింది. వెదురాకు పొట్లాల్లో జిగురన్నం విప్పుకుని అందరం తింటున్నాం. అక్క, అదే మీ వదిన, ఆవాకు ఊరగాయ వేస్తోంది. బావగారు పిల్లల నుదుట మణిశిల బొట్లు పెడుతూ శియు-ఫుంగ్ దగ్గరకు వచ్చారు. నేను పిల్లను వెనక్కి లాగాను.

"మా పిల్లకొద్దు. మా చెట్లకు పెట్టింది చాలు."

"చెట్లకా? ఏం చెట్లు?"

"తెలీనట్టు అడక్కండి బావగారూ. దోమ రాకూడదని పైతోటంతా చల్లింది ఎవరో నాకు తెలుసు. గుంటలు ముందే తవ్వుకున్నారు, ఇక ఆకు పాడుచేస్తే పనైపోతుందని చూశారు."

ఊరగాయ గరిటె అక్క చేతిలో అలాగే ఆగిపోయింది. అత్తయ్య "నోర్ముయ్యవే!" అంది. మీ నాన్నగారు పోయాక మిమ్మల్ని పెంచిన మనిషిని, ఆ నాన్నగారి పేరు రాసిన పలక ముందే దొంగన్నాను.

"నేను చల్లానంటావు."

"చల్లారు."

"మూడుకొండల రాజుల గుడిముందు కోడిమెడ నరికి ఒట్టేస్తాను. అబద్ధమైతే నా మెడా అలాగే పోతుంది. నువ్వన్నది అబద్ధమైతే మరి?"

"నాది పోనివ్వండి" అన్నాను. అత్తయ్య ఛాతీమీద కొట్టుకుంది. కోడి ఒట్టంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆ ఒట్టు పడ్డ రెండిళ్ళు మళ్ళీ ఒక పొయ్యిమీద వండుకున్నది మన కొండమీద నేను చూడలేదు. వచ్చే పున్నమికి అని ఊళ్ళో పెద్దలు ఖాయం చేశారు. ఊరంతా పని మానుకుని దానికోసమే ఎదురుచూసింది.

ఇప్పుడు రాయబోయేది మీకు రాయకూడదనే అనుకున్నాను. అత్తయ్య కూడా రాయొద్దంది. కానీ ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు, వేసేవాళ్ళు వంకరగా వేస్తారు.

పున్నమికి ముందురోజు మధ్యాహ్నం పురుగుల పంతులమ్మ మనింటికి వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ వెదురుదండెం మీద ఆరేసిన నా చేతి తొడుగుల దగ్గర ఆగిపోయింది, ఆకు కోసేటప్పుడు మోచేతులదాకా వేసుకుంటానే, అవి. ఉతికినా వాటిమీద నారింజ మరకలు పోలేదు. ఆ పిల్ల వాటిని పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

"పిన్నిగారూ! ఇదెక్కడంటింది మీకు?"

"ఎక్కడేమిటి, పైతోటలో. మణిశిల."

"మణిశిల కాదండీ, నా పొడి! ఫాన్ గారి తోటలో దోమల్ని పట్టి, సీసాలో ఈ రంగుపొడి వేసి కుదిపి, ఒంటికి అంటాక వదిలేశాను. ఏ తోటలో ఈ రంగు కనబడితే అక్కడికి వెళ్ళాయన్నమాట. కిందితోటలన్నీ వెతికాను, ఎక్కడా లేదు. మీ పైతోటకే పోతున్నాయండీ! వాగు దాటి, గాలికి ఎదురెక్కి! ఏ ఆకులమీద? నాకు చూపించండి."

"కడిగేశాను" అన్నాను.

"కడిగేశారా? దేంతో?"

"సబ్బుతో."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది, అయినా నన్నేమీ అనలేదు. మిగిలిన వరసలు చూస్తానని తనే పైకెళ్ళింది. తిరిగొచ్చి, పచ్చదోమలు దండిగా ఉన్నాయనీ, కడగని వరసల్లో చిగుళ్ళు అప్పుడే ముడుచుకుంటున్నాయనీ చెప్పింది. దోమను తరిమేసిన గుర్తనుకున్నది పురుగు వచ్చిన గుర్తు. ఆ పురుగుల్ని నా చేతులతో నేనే సబ్బుపెట్టి చంపుకున్నాను.

ఆ పిల్ల వెళ్ళాక అత్తయ్యను అడిగాను, మరి పెరట్లో చారలేమిటని. "కట్టెలమోపులో పచ్చపాము కనపడిందే. మగాడు లేని ఇల్లు, చెబితే పిల్లా తల్లీ హడలి చస్తారని వాడే చల్లిపోయాడు. నన్నూ చెప్పొద్దన్నాడు" అంది.

అప్పుడు నేనేం చెయ్యాలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గట్టు దిగితే బావగారిల్లు. కాళ్ళమీద పడాల్సింది. నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో దాచకుండా రాస్తున్నాను. తప్పు ఒప్పుకుంటే ఆయనదే పైచెయ్యి అవుతుంది, ఆ ఊపులో పైతోట తవ్వేస్తారేమోనని మొదటి అనుమానం. ఇక రెండోది, ఆయన చల్లలేదు కాబట్టి ఆయన వేసే ఒట్టు నిజమైన ఒట్టే, రాజులు నిజం చెప్పినవాణ్ణి ఏమీ చెయ్యరు, ఒక కోడి పోతుంది, అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు, నేను నోరు విప్పకుండానే గడిచిపోతుంది అనుకున్నాను. నామీద పడే శాపం నేను పడతానులే అని కూడా అనుకున్నాను. చూశారా, అందులోనూ నన్ను నేనే గొప్పచేసుకున్నాను.

మర్నాడు గుడిముందు ఊరంతా ఉంది. బావగారు తెల్లకోడిని చంకలో పెట్టుకుని వచ్చారు. ఆయన తన చేత్తో కోడిని కోసే మనిషి కాదని మీకు తెలుసు, ఇంట్లో అక్కే కోస్తుంది. దాన్ని చెక్కమీద పెట్టి మెడ ఒత్తిపట్టారు. రెండో చేత్తో కత్తి తీశారు. ఆయన రాజులవైపు చూడటం లేదు, నావైపు చూస్తున్నారు.

కత్తి లేచింది. "ఆపండి! ఆయన చల్లలేదు! నాదే తప్పు!" అని అరిచాను. ఆ అరుపు నాదేనని కాసేపటిదాకా నాకే తెలీలేదు.

ఆయన కత్తి కింద పెట్టారు. కోడిని వదల్లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే…" అనబోయాను. నోరు రాలేదు. "నిన్న మధ్యాహ్నం" అన్నాను.

"నాకు నిన్న పొద్దున్నే తెలిసింది. ఆ పంతులమ్మ కిందితోటలు వెతుక్కుంటూ ముందు మా ఇంటికే వచ్చింది. పొడి సంగతంతా చెప్పింది. మా మరదలింట్లో కూడా ఓసారి చూడు తల్లీ అని నీ దగ్గరికి పంపింది నేనే." గొంతు తగ్గించారు. "నువ్వొస్తావని సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాను. మీ అక్క అన్నానికి పిలిచినా లేవలేదు. దార్లో ఉందేమోలే అన్నాను."

కోడిని తెచ్చి నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయారు. దాన్ని పట్టుకుని ఊరి మధ్యలోంచి ఇంటిదాకా నడిచాను. ఎవరూ పలకరించలేదు. ఆ-లుయెన్ మాత్రం కొట్లోంచి తొంగిచూసింది.

తోట విషయం మీరు దిగులుపడకండి. కడిగిన వరసలు పోయినా, మిగతా ఆకు మీరున్న రోజుల్లోకన్నా బాగా చొంగ పట్టింది. నిన్ననే కోత. ఒకరి తోటకు ఒకరం సాయం పోయే బదులు కోతకు ఈసారి బావగారి ఇంటినుంచి ఎవరూ రారనుకున్నాను. తెల్లవారేసరికి అక్కా ఆయనా బుట్టలు తగిలించుకుని నిలబడి ఉన్నారు. గుంటలు కూడా ఆయనే పూడ్చేశారట, నేను గమనించలేదు. ఆయన వరస ఆ చివర, నా వరస ఈ చివర. మధ్యాహ్నం నేను అన్నం వడ్డించబోతే అత్తయ్య చేతిమీదుగా తీసుకున్నారు. సాయంత్రం బుట్ట దించి, "అమ్మా, ఆకు ఆలస్యం చెయ్యకుండా ఆరబెట్టమను" అన్నారు. నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి ఆయన నన్ను తిట్టని రోజు లేదు. గొడ్డలి వానలో వదిలానని, పిల్లకు చెప్పుల్లేవని, మీకు ఉత్తరం ఆలస్యంగా రాశానని తిట్టేవారు. చాటున మూతి తిప్పుకునేదాన్ని. ఇప్పుడు గొడ్డలి కావాలనే మూడు రోజులుగా బయటే వదిలేస్తున్నాను. రోజూ అటే వెళ్తున్నారు, చూస్తున్నారు, లోపల పెట్టేసి వెళ్ళిపోతున్నారు.

మీరు ఆయనకు వెంటనే ఒక ఉత్తరం రాయండి. నన్ను క్షమించమని రాయకండి. క్షమించేస్తే ఇక నాతో పనేముంది, మాట్లాడటమే మానేస్తారు. నన్ను తిట్టమని రాయండి. గట్టు మీద నిలబడి, ఊరంతా వినబడేట్టు, నా పుట్టింటివాళ్ళని కూడా కలిపి తిట్టమనండి. ఒక్క మాట ఎదురు చెప్పను.

ఇట్లు,
బావగారి తిట్టుకోసం వాకిట్లో కూర్చున్న
శియు-ఫుంగ్ వాళ్ళ అమ్మ